వాయిదా కడుతున్నాం సరే, అసలు ఎంత తీరుతోంది?

(రైతు సంఘం మండల అధ్యయన తరగతిలో "అప్పులు – లెక్కలు" అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడినవాళ్లు మద్దతు ధర గురించి, కరెంటు గురించి మాట్లాడారు. నాకిచ్చిన అంశం కొంచెం చప్పగా ఉంటుంది. అప్పు లెక్క. చప్పగా ఉన్నా చెప్పక తప్పదు. ధర కోసం రోడ్డెక్కి, లాఠీ దెబ్బలు తిని, క్వింటాలుకు యాభయ్యో వందో పెంచుకుంటాం. ఒక్క కాగితం చదవకపోవడం వల్ల అదే డబ్బు ఇంకో దారిన పోతుంది.

నేను చాలా ఏళ్లు సహకార సంఘంలో లెక్కలు రాసినవాణ్ణి. ఇప్పుడు మన సంఘం ఆఫీసులో కూర్చుంటే వారానికి ఇద్దరు ముగ్గురు స్టేట్‌మెంట్లు పట్టుకొని వస్తుంటారు. పోయిన నెల ఒక రైతు వచ్చాడు. ట్రాక్టరు కోసం 6 లక్షల అప్పు తీసుకున్నాడు. వడ్డీ ఏడాదికి 12 శాతం. ఆరు నెలలకొక వాయిదా, ఐదేళ్లలో పది వాయిదాలు. ఒక్కో వాయిదా 81,521 రూపాయలు.

"సారూ, నాలుగు వాయిదాలు ఒక్కరోజు తప్పకుండ కట్టిన. మొత్తం 3,26,084 అయింది. ఇంక 2,73,916 ఉండాలె గదా? అడిగితే నాలుగు లక్షల పైన ఉందంటున్నరు. నన్ను మోసం చేసిన్రా?" అన్నాడు.

ఆయన స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని గంటసేపు లెక్క వేశాను. ఆ లెక్కలో మోసం లేదు. ఆయన బాకీ నిజంగానే 4,00,864 రూపాయలు. అయితే మోసం ఎక్కడా జరగదని కాదు. లెక్క ఎలా నడుస్తుందో తెలిస్తేనే ఎక్కడ సరిగ్గా ఉందో, ఎక్కడ మనల్ని ముంచుతున్నారో కనిపెట్టగలం. ఈరోజు నేను చెప్పదలచింది అదే.

ఈ లెక్కకు బ్యాంకులవాళ్లు పెట్టుకున్న పేరు అమార్టైజేషన్. నోరు తిరగని మాటే. చావు అనే అర్థమున్న పాత లాటిన్ ధాతువు నుంచి వచ్చింది. అప్పును కొంచెం కొంచెంగా చంపుతూ పోవడం అన్నమాట. తాకట్టుకు ఇంగ్లీషులో వాడే మార్ట్‌గేజ్ అనే మాటలోనూ ఉన్నది ఆ చావే. మనం దీన్ని వాయిదాల లెక్క అందాం. ఆ లెక్క రాసి ఉన్న కాగితం వాయిదాల పట్టిక.

లెక్క ఎలా నడుస్తుంది?

సూత్రం ఒక్కటే. మీరు కట్టిన ప్రతి వాయిదాలో ముందు వడ్డీ పట్టుకుంటారు. మిగిలింది అసలుకు పోతుంది. ఏడాదికి 12 శాతమంటే ఆరు నెలలకు 6 శాతం. 6 లక్షల మీద 6 శాతం 36,000. కట్టిన 81,521లో 36,000 వడ్డీకి పోతే అసలుకు చేరింది 45,521 మాత్రమే. రెండో ఆరు నెలల వడ్డీ ఆ మిగిలిన 5,54,479 మీదే పడుతుంది. అందువల్ల వడ్డీ కొంచెం తగ్గుతుంది, అసలుకు చేరేది కొంచెం పెరుగుతుంది. ఆ రైతు పట్టిక పూర్తిగా ఇదీ:

1వ వాయిదా: వడ్డీ 36,000, అసలుకు 45,521, మిగిలిన బాకీ 5,54,479
2వ వాయిదా: వడ్డీ 33,269, అసలుకు 48,252, మిగిలిన బాకీ 5,06,227
3వ వాయిదా: వడ్డీ 30,374, అసలుకు 51,147, మిగిలిన బాకీ 4,55,080
4వ వాయిదా: వడ్డీ 27,305, అసలుకు 54,216, మిగిలిన బాకీ 4,00,864
5వ వాయిదా: వడ్డీ 24,052, అసలుకు 57,469, మిగిలిన బాకీ 3,43,395
6వ వాయిదా: వడ్డీ 20,604, అసలుకు 60,917, మిగిలిన బాకీ 2,82,478
7వ వాయిదా: వడ్డీ 16,949, అసలుకు 64,572, మిగిలిన బాకీ 2,17,906
8వ వాయిదా: వడ్డీ 13,074, అసలుకు 68,447, మిగిలిన బాకీ 1,49,459
9వ వాయిదా: వడ్డీ 8,968, అసలుకు 72,553, మిగిలిన బాకీ 76,906
10వ వాయిదా: వడ్డీ 4,614, అసలుకు 76,906, బాకీ లేదు

మొత్తం వడ్డీ సుమారు 2,15,200 రూపాయలు. అందులో 1,51,000 మొదటి ఐదు వాయిదాల్లోనే అయిపోయింది. అంటే పదింట ఏడు వంతులు. సగం కాలం గడిచినా సగం అప్పు తీరలేదు. మూడో ఏట ట్రాక్టరు అమ్మేసి అప్పు తీర్చేద్దామనుకున్న రైతు బాకీ చూసి గుండెలు బాదుకునేది ఇందుకే.

రూపాయి వడ్డీ అన్నమాట నమ్మవద్దు

ఇప్పుడు అసలు మోసం సంగతికి వద్దాం. మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో చెప్పుకోం. నూటికి నెలకు రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటాం. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. షోరూము దగ్గర ఫైనాన్సు ఏజెంటు కూడా అదే భాషలో మాట్లాడతాడు. "రూపాయి వడ్డీయే అన్నా, బ్యాంకు వడ్డీయే" అంటాడు. ఒక మాట మాత్రం మింగేస్తాడు. అది ఫ్లాటు వడ్డీ.

ఫ్లాటు అంటే మీరు ఎంత తీర్చినా వడ్డీ మాత్రం చివరిదాకా మొదటి 6 లక్షల మీదే వేస్తారు. ఏడాదికి 72,000 చొప్పున ఐదేళ్లకు 3,60,000. అసలుతో కలిపి 9,60,000. పది వాయిదాలు చేస్తే ఒక్కొక్కటి 96,000. పైన చూసిన తగ్గే బాకీ లెక్కలో వాయిదా 81,521. రెండిటికీ పేరు 12 శాతమే, రెండూ రూపాయి వడ్డీలే. ఐదేళ్లకు తేడా 1,44,800 దాకా వస్తుంది.

ఆ 96,000 వాయిదాను తగ్గే బాకీ లెక్కలోకి మార్చి చూస్తే అసలు వడ్డీ ఏడాదికి 19 శాతం దాటుతుంది. మన భాషలో నూటికి రూపాయి అరవై పైసలు. రూపాయని చెప్పి రూపాయి అరవై పైసలు వసూలు చేసేవాణ్ణి ఊళ్లో ఏమంటామో మీకు తెలుసు. దీనికి ప్రాసెసింగు ఫీజు, బీమా, డాక్యుమెంటు ఖర్చులు కలిపితే ఇంకా పెరుగుతుంది.

కాబట్టి అప్పు తీసుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న "వడ్డీ ఎంత?" కాదు. "వడ్డీ మొదటి అసలు మీదా, మిగిలిన బాకీ మీదా?" అని అడగాలి. రెండో ప్రశ్న "అన్నీ కలిపి చివరిదాకా నేను కట్టేది ఎంత?" ఈ రెండింటికీ జవాబు కాగితం మీద రాసి ఇవ్వమనండి. నోటిమాటకు విలువ లేదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. బ్యాంకుల్లో చాలా వ్యవసాయ టర్మ్ లోన్లకు అసలును సమాన భాగాలు చేస్తారు. మన ఉదాహరణలో ప్రతిసారీ అసలుకు 60,000, దానికి తోడు అప్పటి వడ్డీ. మొదటి వాయిదా 96,000, చివరిది 63,600. మొత్తం వడ్డీ 1,98,000. సమాన వాయిదాల కంటే 17,000 తక్కువ. కానీ మొదట్లో బరువెక్కువ. కొత్తగా ట్రాక్టరు కొని అద్దెకు తిప్పేవాడికి మొదటి ఏడాదే గిరాకీ దొరక్కపోతే కష్టం. ఏది మంచిదో ఇంటి రాబడి చూసుకుని తేల్చుకోవాలి, ఏజెంటు మాట మీద కాదు.

నాలుగు రూకలు మిగిలిన ఏడాది

పత్తికి మంచి ధర వచ్చిన ఏడాది చేతిలో 50,000 మిగిలిందనుకోండి. రెండో వాయిదాతో పాటు దాన్నీ కట్టేస్తే ఏమవుతుంది? అది మొత్తం అసలుకు పోతుంది. వాయిదా 81,521గానే ఉంచితే తొమ్మిదో వాయిదాకే, ఇంకో 1,724 కలిపి కట్టేస్తే అప్పు తీరిపోతుంది. 50,000 ముందు కట్టినందుకు మిగిలే వడ్డీ దాదాపు 29,800. అదే డబ్బు తొమ్మిదో వాయిదా దగ్గర కడితే మిగిలేది 3,000 మాత్రమే. అప్పును చిన్నతనంలో కొడితేనే దెబ్బ తగులుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. అదనంగా కట్టిన సొమ్మును రాబోయే వాయిదాకు అడ్వాన్సుగా పక్కన పెట్టి, వడ్డీ తగ్గించని చోట్లున్నాయి. "ఈ సొమ్మును అసలులో జమ చేయాలి" అని రాసిచ్చి, రసీదు తీసుకోండి. ముందుగా కడితే ఛార్జీ ఉందా అన్నది అప్పు తీసుకునేనాడే అడగండి.

పంట పోయిన ఏడాది

మనకు మిగిలే ఏడాది కంటే పోయే ఏడాదే ఎక్కువగా వస్తుంది. వడగళ్లు పడి ఐదో వాయిదా కట్టలేకపోయాడనుకుందాం. ఆ ఆరు నెలల వడ్డీ 24,052ను అసలులో కలిపితే బాకీ 4,24,916 అవుతుంది. గడువు పెంచకుండా మిగిలిన ఐదు వాయిదాల్లోనే తీర్చమంటే ఒక్కో వాయిదా లక్ష రూపాయలు దాటుతుంది. పంట పోయినవాడు మరుసటి పంటకు ఇంకా ఎక్కువ కట్టాలన్నమాట. గడువును ఆరు నెలలు పెంచితే వాయిదా 86,412 దగ్గర ఆగుతుంది. భరించగలిగే మార్గం ఇదే. అయితే ఇది కూడా ఊరికే రాదు, చివరికి 29,000 పైగా అదనంగా కడతాం. వాయిదా వేయడం మాఫీ కాదని గుర్తుంచుకోండి. తెలంగాణలో 2024లో జరిగిన 2 లక్షల రుణమాఫీ కూడా పంట రుణాలకే. ట్రాక్టరు, బోరు, డ్రిప్పు అప్పులు అందులోకి రాలేదు.

ఈ విషయంలో మనకు కొన్ని ఆధారాలున్నాయి. ప్రకృతి వైపరీత్యాలపై రిజర్వు బ్యాంకు 2018లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పంట నష్టం 33 శాతం, అంతకు మించి ఉన్న చోట బ్యాంకులు రుణాలను సర్దుబాటు చేయవచ్చు. ఆస్తి చెడకుండా పంట మాత్రమే పోయినప్పుడు ఆ ఏడాది వాయిదాను జరిపి, టర్మ్ లోను గడువును ఏడాది పొడిగించవచ్చు. ఇంకోటి. గడువు దాటని వ్యవసాయ రుణాల మీద వడ్డీకి వడ్డీ వేయకూడదు. పంట అమ్మితే తప్ప రైతుకు రాబడి లేదన్నదే దానికి కారణం. గడువు దాటితే మాత్రం వడ్డీని అసలులో కలుపుతారు. అందుకే గడువు దాటకముందే దరఖాస్తు ఇవ్వాలి. దాటాక తిరిగితే లాభం తక్కువ.

పంట రుణం చావదు

పంట రుణానికి ఈ పట్టిక ఉండదు. ఏడాదికొకసారి మొత్తం కట్టి మళ్లీ తీసుకోవడమే. 3 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతం పడుతుంది. మంచిదే. కానీ చాలాచోట్ల రైతు చేతికి రూపాయి రాకుండానే పాత అప్పును, దాని వడ్డీని కలిపి కొత్త అప్పుగా తిరగరాస్తున్నారు. లక్షన్నర అప్పు పదేళ్లకు మూడు లక్షలైనవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు. వాయిదాల అప్పు ఎంతోకొంత చస్తూ పోతుంది. తిరగరాసిన అప్పు ఏటేటా పెరుగుతుంది. కనీసం వడ్డీ అన్నా చేతినుంచి కట్టి, అసలు మాత్రమే తిరగరాయించుకోవడం మేలు.

అప్పు ఉంది, బోరు లేదు

ఈ మాటకు లెక్కల పుస్తకంలో ఇంకో అర్థం ఉంది. ఒకేసారి పెట్టిన పెద్ద ఖర్చును అది పనికొచ్చే ఏళ్లకు పంచి రాసుకోవడం. ట్రాక్టరు, మోటారు లాంటి కంటికి కనిపించే వస్తువులకైతే తరుగుదల అంటారు. లైసెన్సు, సాఫ్ట్‌వేరు, హక్కులు లాంటి కనిపించనివాటికి అమార్టైజేషన్ అంటారు. మనలో రైతు ఉత్పత్తిదారుల కంపెనీల్లో వాటాదారులున్నారు. మీ కంపెనీ లాభనష్టాల పట్టికలో ఈ రెండూ కలిపి ఒక వరుస ఉంటుంది. ఆ ఏడాది చేతినుంచి పోయిన డబ్బు కాదది, ముందెప్పుడో పెట్టిన ఖర్చులో ఆ ఏటి వాటా. సర్వసభ్య సమావేశంలో ఆ వరుస చూపించి అడగండి.

మన ఇంటి లెక్కలో దీని అవసరం బోరు దగ్గర తెలుస్తుంది. 1,40,000 పెట్టి బోరు వేశారు. ఏడేళ్లు నీళ్లిస్తే ఏడాదికి 20,000 పడినట్టు. నాలుగేళ్లకే ఎండిపోతే ఏడాదికి 35,000. దానికి ముందు 70,000 చొప్పున రెండు బోర్లు వేసి నీళ్లు పడకపోతే, ఆ ఖర్చు కూడా ఈ బోరే మోయాలి. మొత్తం 2,80,000. నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 70,000. నాలుగెకరాల రైతుకు ఎకరాకు ఏడాదికి 17,500 నీటి ఖర్చే. ఇందులో వడ్డీ కలపలేదు. మనం సాగు ఖర్చు చెప్పేటప్పుడు విత్తనం, ఎరువు, కూలి చెబుతాం. ఎండిన బోరును చెప్పం. అది తలరాత ఖాతాలో రాసుకుంటాం. అది తలరాత కాదు, పెట్టుబడి.

అప్పు పక్కన కూడా ఇదే చూడాలి. బోరు నాలుగేళ్లకు ఎండిపోయి, అప్పు గడువు ఏడేళ్లుంటే, చివరి మూడేళ్లు లేని నీళ్లకు వాయిదా కడుతున్నట్టే. అప్పు వయసు ఆస్తి వయసును మించకూడదు. నీళ్లు నమ్మకం లేని చోట చిన్న అప్పు, తక్కువ గడువు, అవకాశముంటే నలుగురు కలిసి వేసుకోవడం మంచిది.

తోటల సంగతీ అంతే. ఆయిల్‌పామ్ వేసినవాళ్లు మొదటి నాలుగేళ్లు రాబడి లేకుండా పెట్టుబడి పెడతారు. ఎకరాకు అది 1,50,000 అయిందనుకుందాం. ఇరవై ఏళ్ల కాపుకు ఊరికే పంచితే ఏడాదికి 7,500. కానీ ఆ డబ్బు అప్పు తెచ్చింది. 10 శాతం వడ్డీతో వాయిదాల లెక్కలో వేస్తే ఏడాదికి 17,600. రెండింతలకు పైనే. గెలల ధర గురించి ఏ కమిటీ ముందు కూర్చున్నా మన చేతిలో ఉండాల్సింది ఈ రెండో లెక్క.

చేయాల్సిన పనులు

చివరిగా నాలుగు మాటలు.

మొదటిది, పట్టిక అడగండి. అక్టోబర్ 1, 2024 నుంచి మంజూరయ్యే రిటైల్ రుణాలకు, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీ రేటు, వాయిదాల పట్టిక అందులో ఉండాలి. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. మీ అప్పు ఏ పద్దు కింద రాసినా సరే, తెలుగులో పట్టిక ఇవ్వమని అడగండి. ఇవ్వనివాడి దగ్గర సంతకం పెట్టకండి.

రెండోది, వాయిదా తేదీలు పంట డబ్బు చేతికొచ్చే నెలల్లో పెట్టించుకోండి. వానాకాలం వడ్ల డబ్బు డిసెంబర్, జనవరిలో వస్తుంది, యాసంగిది మేలో. జులైలో నాట్లకే డబ్బు లేనివాడు వాయిదా ఎక్కణ్నుంచి కడతాడు?

మూడోది, ఆలస్యానికి వేసే జరిమానా చూడండి. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం జరిమానాను వడ్డీ రేటులో కలిపి వేయకూడదు. విడిగా చూపాలి. ఆ జరిమానా మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. స్టేట్‌మెంటులో అలా కనిపిస్తే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. వివరాలకు ఫోను 14448.

నాలుగోది సంఘం పని. ప్రతి గ్రామ కమిటీ తన ఊళ్లో ట్రాక్టరు, బోరు, డ్రిప్పు అప్పులున్నవాళ్ల స్టేట్‌మెంట్లు సేకరించాలి. ఒక్కొక్కరుగా వెళితే మేనేజరు కుర్చీ కూడా చూపించడు. ముప్పై స్టేట్‌మెంట్లు, ముప్పై లెక్కలు పట్టుకుని పోతే కూర్చోబెట్టి మాట్లాడతాడు. లెక్కలు తెలిసిన మన పిల్లలు డిగ్రీలు చదివి ఊళ్లోనే ఉన్నారు. వాళ్లకు ఈ పని అప్పగిద్దాం.

మొదట చెప్పిన రైతు ఆ పట్టిక రాయించుకుని ఇంటికి తీసుకెళ్లాడు. వారం తర్వాత మళ్లీ వచ్చాడు, ఈసారి తన తమ్ముడి కాగితాలతో. అవి ఫైనాన్సు కంపెనీవి. వాటిలో పట్టిక లేదు, వాయిదా మొత్తం మాత్రమే ఉంది. లెక్క వేస్తే రూపాయి వడ్డీ కాస్తా రూపాయి అరవై పైసలు తేలింది. ఈసారి మోసం జరిగిందా అని ఆయన నన్ను అడగలేదు. ఆయనే కాగితం మీద వేలు పెట్టి చూపించాడు.

ఆ వేలు ప్రతి ఊళ్లో లేవాలి. సెలవు.